గమకం మెట్లుమెట్లుగా ఎందుకు తెగుతోందంటే

అన్నా, తిరుపతిలో ఇంట్లో పాడిన మోహన రాగ కీర్తనకు ఆటోట్యూన్ (శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్) వేస్తే గమకాలు మెట్లుగా తెగుతున్నాయన్నారు కదా. తప్పు గొంతుది కాదు. స్వరాన్ని ఎంత వేగంగా దిద్దాలో చెప్పే రీట్యూన్ స్పీడ్ 0 (అతి వేగం) దగ్గరుంటే, స్వరం ఊగిన ప్రతిసారీ దగ్గర్లోని స్వరానికి లాగేస్తుంది. 40–60కి పెంచండి. నిలిపిన స్వరాలు ఇంకా బిగుసుకుంటే, వాటిని సహజంగా వదిలే హ్యూమనైజ్ కొద్దిగా కలపండి. పన్నెండు స్వరాలకూ లాగే క్రొమాటిక్ స్కేల్ తీసేయండి, మీ ఆధార శ్రుతి ఒకటి (సి) అయితే మోహనకు సి, డి, ఇ, జి, ఎ చాలు.

అప్పటికీ తెగే చోట ప్లగిన్‌ను బైపాస్ చేయడమే, అంటే ఆ ముక్కకు ఆపేయడమే మేలు, గమకాన్ని దిద్దబోతే రాగమే పోతుంది. మెలోడైన్ (స్వరాలను ఒక్కొక్కటిగా దిద్దే సాఫ్ట్‌వేర్) ఉంటే స్వరం సగటు స్థానమైన పిచ్ సెంటర్ మాత్రం జరిపి, దాని ఊగుడైన మాడ్యులేషన్ ముట్టుకోకండి.

పాట మధ్యలో వచ్చిన దగ్గు వణుకుతూ వినిపిస్తోందని కూడా అడిగారు కదా. దగ్గుకు నిలకడైన శ్రుతి ఉండదు, సాఫ్ట్‌వేర్ తడబడి స్వరాలు గెంతుతుంది. కరెక్షన్‌కు ముందే కత్తిరించండి.