లెక్కల టీచరు కావాలంటే డిగ్రీని ఎలా మలచుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, నేను నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో శ్రీకాకుళం వచ్చి బీఎస్సీ గణితం మేజర్‌గా చదువుతున్నాను. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాధ్యమంలోనే చదివాను. హైస్కూల్లో లెక్కలు చెప్పాలన్నది నా కోరిక. మొదటి సెమిస్టర్ అయిపోయింది, ఇప్పుడు మైనర్ (మేజర్‌తో పాటు చదివే రెండో సబ్జెక్టు) ఎంచుకోవాలి. భౌతికశాస్త్రం తీసుకోమని ఒకరు, స్టాటిస్టిక్స్ అని ఒకరు, కంప్యూటర్స్ అయితే ఎటు పోయినా పనికొస్తుందని మరొకరు చెబుతున్నారు. సీనియర్లు మాత్రం, "డీఎస్సీలో వచ్చేవి పదో తరగతి లెక్కలే, ఈ గ్రూపులూ రింగులూ పాసైతే చాలు" అంటున్నారు. వారి మాట నిజమేనా? ఏ పేపర్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: అమ్మా, మీ సీనియర్ల మాటలో సగం నిజం ఉంది. స్కూల్ అసిస్టెంట్ (హైస్కూలు టీచరు) పోస్టుకు డీఎస్సీ రాతపరీక్ష 80 మార్కులకు ఉంటుంది. అందులో 40 మార్కులు సబ్జెక్టుకు, 20 బోధనా పద్ధతులకు, మిగిలిన 20 జనరల్ నాలెడ్జికి, విద్యా దృక్పథాలకు, మనోవిజ్ఞానానికి పోతాయి. సబ్జెక్టు ప్రశ్నలు హైస్కూలు పాఠాల నుంచే వస్తాయి, కఠినత మాత్రం ఇంటర్ స్థాయి దాకా వెళుతుంది. కాబట్టి సమూహ సిద్ధాంతం (గ్రూపులు) మీద నేరుగా ప్రశ్న రాదన్నది వాస్తవమే. అయితే ఉద్యోగం వచ్చిన మర్నాడు తొమ్మిదో తరగతి గదిలో మీ ఎదుట కూర్చునే నలభై మంది పిల్లలకు డీఎస్సీ సిలబస్‌తో పని లేదు. వారికి తోచిన ప్రశ్న వారు అడుగుతారు.

నా సంగతే చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?" అని అడిగాడు. "అది సూత్రం, రాసుకో" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డిగ్రీలో రింగ్ థియరీలో నాకు మంచి మార్కులే వచ్చాయి, ఆ ప్రశ్నకు జవాబు ఆ పేపరు మొదటి పేజీల్లోనే ఉంది, అయినా రెండింటికీ సంబంధం ఉందని నాకెవరూ చెప్పలేదు, నేనూ వెతకలేదు. ఒకటికి మైనస్ ఒకటి కలిపితే సున్నా. ఆ మొత్తాన్ని మైనస్ ఒకటితో గుణించినా సున్నాయే రావాలి. విభాగ న్యాయం ప్రకారం విడదీస్తే మొదటి పదం మైనస్ ఒకటి అవుతుంది. రెండో పదం, అంటే మైనస్ ఒకటిని మైనస్ ఒకటితో గుణించగా వచ్చేది, దానితో కలిసి సున్నా కావాలంటే ప్లస్ ఒకటి కావడం తప్ప వేరే దారి లేదు. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే మూడు వరుసలివి. మర్నాడు బోర్డు మీద రాశాను కానీ, ఆ కుర్రవాడు ఆ రోజు బడికి రాలేదు.

అందుకని ప్రతి సెమిస్టర్‌లోనూ ఒక్కో పేపరును, "ఇది హైస్కూల్లో ఏ పాఠానికి అడుగున ఉంది?" అని అడిగి చూసుకోండి. రియల్ అనాలిసిస్‌ను చాలామంది బట్టీపట్టి గట్టెక్కుతారు. నా దృష్టిలో లెక్కల టీచరుకు దానంత దగ్గరి పేపరు లేదు. తొమ్మిదో తరగతిలో కరణీయ సంఖ్యలు (పూర్ణాంకాల భిన్నంగా రాయలేనివి) చెప్పేటప్పుడు పిల్లలు రెండు చోట్ల తడబడతారు. ఒకటి, 0.999… అని అంతులేకుండా పోయే దశాంశం ఒకటికి సమానమా, కాస్త తక్కువా అన్నది. రెండోది, పై (π) విలువ 22/7 అని రాసుకున్నాం కదా, మరి అది కరణీయ సంఖ్య ఎలా అయిందన్నది. 22/7 ఉజ్జాయింపు మాత్రమేనని చెప్పేసి ఊరుకోవచ్చు. అవధి (లిమిట్) అంటే ఏమిటో, సంఖ్యారేఖ మీద ఖాళీలు లేవనడంలో అర్థమేమిటో తెలిసినవారు చెప్పే తీరు వేరుగా ఉంటుంది. లీనియర్ ఆల్జీబ్రాలో మాత్రిక కోటి (ర్యాంకు) గురించి చదివేటప్పుడు పదో తరగతిలోని రెండు చరరాశుల రేఖీయ సమీకరణాల జత పాఠాన్ని పక్కన తెరిచి పెట్టుకోండి. గుణకాల నిష్పత్తులు సమానమై స్థిరపదాల నిష్పత్తి వేరైతే సాధన ఉండదని అక్కడ చెప్పిన నియమం, ఇక్కడి సిద్ధాంతంలో అతి చిన్న సందర్భమని మీకే కనబడుతుంది. కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి ఏ కోణాన్నైనా మూడు సమభాగాలు చేయవచ్చా అని చురుకైన పిల్లవాడు ఎప్పుడో ఒకసారి అడుగుతాడు. అన్ని కోణాలకూ అది సాధ్యం కాదని 1837లో వాంజెల్ నిరూపించాడు, 60 డిగ్రీల కోణమే అందుకు ఉదాహరణ. ఆ నిరూపణకు కావలసిన సరంజామా మీరు చదివే ఆధునిక బీజగణితం, అంటే ఆ గ్రూపులూ రింగుల నుంచే మొదలవుతుంది. అవకలన సమీకరణాలు, లాప్లాస్ పరివర్తనలు బడిపాఠాలకు ఇంత దగ్గరగా రావు. వాటిలో మంచి మార్కులు తెచ్చుకోండి, చాలు.

ఇక డిగ్రీలో మీకు దొరకని వాటి గురించి. డిగ్రీలో జ్యామితి ఉందంటారు కానీ అది గోళాలు, శంకువులు, సమతలాలను సమీకరణాలతో పట్టుకునే ఘన జ్యామితి. సరూప త్రిభుజాలు, వృత్తానికి గీసిన స్పర్శరేఖలు, ఒక్కో వాక్యానికి కారణం చూపుతూ నడిచే యూక్లిడ్ తరహా నిరూపణ – ఇవి పదో తరగతి తర్వాత మళ్ళీ మీ కంటబడవు. ఏడేళ్ళ విరామం తర్వాత టీచరుగా వెళ్ళి థేల్స్ సిద్ధాంతం నిరూపించబోతే చేయి ఆగిపోతుంది. ప్రతి వేసవిలో తొమ్మిది, పది తరగతుల జ్యామితి అధ్యాయాలు తెరిచి, పుస్తకం మూసి నిరూపణలు రాయండి. రాష్ట్రంలో 2024-25 నుంచి పదో తరగతికి కూడా ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమమే వచ్చింది కాబట్టి మీరు చదివిన పాత పుస్తకం కాక ఇప్పటిది సంపాదించండి. ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉండే ప్రతి దొరికితే మీలాంటివారికి మరీ మంచిది.

ఆ మాటకొస్తే మీ తెలుగు మాధ్యమం చదువును లోపంగా చూసుకోవద్దు. బహుపది, అంకశ్రేఢి, సంభావ్యత, క్షేత్రమితి వంటి మాటలు మీ నోట సహజంగా వస్తాయి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి వచ్చిన చాలామంది కొత్త టీచర్లు అక్కడే తడుముకుంటారు. డిగ్రీ పేపర్లలోని కొత్త పదాలకు కూడా తెలుగు మాటలు ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ పోండి. 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనకు దొరికిన మాటలు మనకు దొరకకపోవు.

మైనర్ విషయంలో నా ఓటు భౌతికశాస్త్రానికే. హైస్కూలు గణితం పోస్టుకు రాయవలసిన టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) రెండో పేపరులో 150 మార్కులకు 60 మార్కులు గణితం, సైన్సు కలిపి ఉంటాయి. ఆ సైన్సులో భౌతిక, జీవశాస్త్రాలు రెండూ ఉంటాయి. జీవశాస్త్రం ఇంటర్‌కు ముందే వదిలేసిన ఎంపీసీ పిల్లలకు అక్కడ ఎలాగూ మార్కులు జారతాయి, భౌతికశాస్త్రమైనా చేతిలో ఉంటే నిలదొక్కుకుంటారు. టెట్ మార్కులకు డీఎస్సీ తుది ర్యాంకులో 20 శాతం వెయిటేజీ ఉంది. అంటే 150కి 120 తెచ్చుకున్నవారికి 20కి 16, 135 తెచ్చుకున్నవారికి 18 కలుస్తాయి. రాతపరీక్షలో ఒక్కో ప్రశ్నకు అర మార్కే కాబట్టి ఆ రెండు మార్కుల తేడా నాలుగు ప్రశ్నలతో సమానం. స్టాటిస్టిక్స్ మీద మక్కువ ఉంటే అదీ చెడ్డ ఎంపిక కాదు. సగటు, మధ్యగతం, బాహుళకం లెక్కగట్టడం అందరికీ వచ్చు, ఏ దత్తాంశానికి ఏది వాడాలో, ఎందుకో చెప్పగలిగేవారు తక్కువ. కంప్యూటర్స్ తీసుకుంటే టీచరు ఉద్యోగానికి మాత్రం పెద్దగా అదనపు లాభం ఉండదు.

ఒక హెచ్చరిక. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (హైస్కూలు స్థాయి టీచరు) గణితం పోస్టులకు గత ప్రకటనల్లో, డిగ్రీలో గణితంతో పాటు భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్, స్టాటిస్టిక్స్‌లలో రెండు చదివి ఉండాలన్న నిబంధన ఉంది. పాత ఎంపీసీ డిగ్రీవారికి అది ఇబ్బంది కాలేదు. 2023-24లో వచ్చిన ఒకే మేజర్ పద్ధతిలో ఒక మేజర్, ఒక మైనర్ చదివినవారికి మాత్రం చిక్కు రావచ్చు. మొదటి సెమిస్టర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు కలిపి చదివిన పేపర్లు లెక్కలోకి వస్తాయన్న ధీమాతో ఉండవద్దు. అటువైపు చూపు ఉంటే అదనంగా మరో సబ్జెక్టులో క్రెడిట్లు తీసుకునే వీలు ఉందేమో ఈ సెమిస్టర్‌లోనే మీ ప్రిన్సిపాల్‌ను అడగండి. ఆ సబ్జెక్టు పేరు మార్కుల జాబితాలో స్పష్టంగా అచ్చయ్యేలా చూసుకోండి.

మొదటి ఏడాది తర్వాత వచ్చే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చాలామంది ఎవరిదో రిపోర్టు చూసి రాసి ఇచ్చేస్తారు. మీరు మీ ఊరి హైస్కూలు ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆరో తరగతి పిల్లలు భిన్నాల్లో ఎక్కడ తప్పుతున్నారో నెల రోజులు నమోదు చేయండి. సగానికి మూడోవంతు కలిపితే రెండు బై అయిదు అని రాసే పిల్లవాడు ఏమనుకుని అలా రాశాడో తెలుసుకోవడం, తర్వాత బీఎడ్‌లో చదవబోయే బోధనా పద్ధతులకు మంచి పునాది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. గణిత ఉపాధ్యాయుడు అవుతానంటున్నాడు. మూడేళ్ళ డిగ్రీ, రెండేళ్ళ బీఎడ్ కాకుండా నాలుగేళ్ళలో రెండూ పూర్తయ్యే కోర్సు ఉందని విన్నాము. పంపించవచ్చా?
– ఒక తండ్రి, చీపురుపల్లి

జవాబు: ఉంది. సమీకృత ఉపాధ్యాయ విద్య కార్యక్రమం పేరుతో 2023-24లో కొన్ని విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ నిర్వహించే ఎన్‌సీఈటీ ప్రవేశపరీక్ష రాయాలి. మన దక్షిణాది రాష్ట్రాలకు ఉద్దేశించిన మైసూరు ప్రాంతీయ విద్యా సంస్థ 1963 నుంచి ఉంది. అక్కడ నాలుగేళ్ళ బీఎస్సీ, బీఎడ్ కలిసిన చదువు చాలా ఏళ్ళుగా పేరు తెచ్చుకుంది. ఒక ఏడాది ఆదా కావడం కన్నా, గణితమూ దాన్ని చెప్పే పద్ధతీ ఒకేసారి నేర్చుకోవడమే ఇందులోని అసలు లాభం. అయితే మీ అబ్బాయి పదిహేడేళ్ళకే ఈ వృత్తిని ఖాయం చేసుకుంటున్నాడన్నది మీరు ఆలోచించాలి. మధ్యలో మనసు మారితే మామూలు బీఎస్సీ వారికి ఉన్నన్ని దారులు ఉండవు. అతను సెలవుల్లో చిన్న పిల్లలకు లెక్కలు చెబుతున్నాడా, చెప్పినప్పుడు విసుక్కుంటున్నాడా, అన్నది గమనిస్తే మీకే తెలుస్తుంది. నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ చేసినవారికి ఒక ఏడాది బీఎడ్ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది కాబట్టి, మామూలు డిగ్రీలో చేరినా నష్టపోయేదేమీ లేదు.

ప్రశ్న: బీఎస్సీ మూడో ఏడాదిలో ఉన్నాను. ముందు ఎమ్మెస్సీ చేయాలా, బీఎడ్ చేయాలా?
– ఒక విద్యార్థి, ఇచ్ఛాపురం

జవాబు: హైస్కూలే లక్ష్యమైతే ముందు బీఎడ్. టెట్ ఒకసారి అర్హత సాధిస్తే 2021 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి ఆ పని త్వరగా ముగించుకోవచ్చు. డీఎస్సీ ఏటా రాదు. 2018 నియామకాల తర్వాత, 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులతో వచ్చిన ప్రకటన పరీక్ష దాకా వెళ్ళకుండానే రద్దయింది. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మళ్ళీ వెలువడింది. ఆ రోజుకు బీఎడ్ చేతిలో లేనివారు దరఖాస్తే చేయలేకపోయారు. జూనియర్ లెక్చరర్ పోస్టు మీద ఆశ ఉంటేనే ఎమ్మెస్సీ ముందుకు రావాలి, దానికి పీజీ తప్పనిసరి. బీఎడ్‌లో గణితం మెథడాలజీయే తీసుకోండి, కోర్సులో ఉండే 20 వారాల బడి శిక్షణకు వీలైతే మీ ఇచ్ఛాపురం వైపు హైస్కూలునే కోరుకోండి. ఇంట్లో ఒడియా మాట్లాడి బడిలో తెలుగులో లెక్కలు నేర్చుకునే పిల్లలు అక్కడ ఉంటారు. రాతలెక్కల్లో వాళ్ళు ఎక్కడ ఆగిపోతున్నారో, లెక్క దగ్గరా భాష దగ్గరా అన్నది రోజూ రాసి పెట్టుకోండి. డిగ్రీలో జనరల్ విద్యార్థులకు 50 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం మార్కులు లేకపోతే బీఎడ్ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్‌కు అర్హత ఉండదు, బ్యాక్‌లాగులు ఉంటే ఈ ఏడాదే తీర్చుకోండి.