బటన్లు నొక్కడం తగ్గించమ్మా

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి రేణిగుంటలో ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మళ్లీ మళ్లీ మార్చుకోగల చిప్) పనిలో చేరావు, సంతోషం. "ఒక్క లైను మారిస్తే గంట కూర్చోవాలి, ఏ కాలం నాటి టూల్స్ పెదనాన్నా ఇవి" అని ఫోన్లో వాపోయావే, అందులో అబద్ధం లేదు. కాకపోతే అది ఆ టూల్స్ రాసినవాళ్ల చేతకానితనం అనుకోకు.

సాఫ్ట్‌వేర్ వాళ్ల పనిముట్టును వాళ్లే బాగుచేసుకోగలరు. 1987లో వచ్చిన జీసీసీ కంపైలర్ గానీ, 2005లో వచ్చిన, కోడ్ మార్పులు దాచిపెట్టే గిట్ గానీ ప్రోగ్రామర్లు తమ అవసరానికి రాసుకున్నవే. వెరిలాగ్ (సర్క్యూట్‌ను వర్ణించే భాష) రాసే మనకు ఆ టూల్ లోపలి సీ ప్లస్ ప్లస్ చాలామందికి రాదు, వచ్చినా సోర్స్ ఇవ్వరు. చిప్ డిజైన్ టూల్స్ వ్యాపారంలో సింహభాగం సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్‌దే. కొనేవాళ్లూ కొద్దిమందే. వాళ్లు అడిగేది చిప్ సరిగ్గా రావాలని, స్క్రీన్ అందంగా ఉండాలని కాదు.

ఇక భయం సంగతి. వెబ్‌సైట్‌లో తప్పుంటే రాత్రికి రాత్రే సరిచేస్తావు, నీ ఎఫ్‌పీజీఏనైనా మళ్లీ మార్చుకోవచ్చు గానీ, ఫ్యాక్టరీలో తయారైన మామూలు చిప్‌ని ఏం చేస్తావు? 1994లో పెంటియం భాగహారంలో తప్పు బయటపడితే ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల దెబ్బ తగిలింది. అందుకే ప్రాజెక్ట్ మధ్యలో టూల్ వెర్షన్ మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ భయం సబబే, కానీ బద్ధకానికి కూడా దాన్నే సాకు చెప్తారు మనవాళ్లు.

గంట పట్టడానికి కారణం వేరే. గేట్లను (లాజిక్ చేసే చిన్న సర్క్యూట్లను) ఎక్కడ పెట్టాలి, వైర్లు ఎటు తిప్పాలి అని టూల్ తేల్చాల్సినవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. బ్రహ్మోత్సవాలప్పుడు అలిపిరి దగ్గర బస్సులు దారి మళ్లిస్తే లీలామహల్ సర్కిల్ దాకా కదలాల్సిందే కదా, అదీ ఇంతే.

కాబట్టి ఆ గంట జోలికి వీలైనంత తక్కువ వెళ్లు. ముందు వెరిలేటర్‌లో సిమ్యులేట్ చెయ్యి, అంటే బోర్డు లేకుండా కంప్యూటర్‌లోనే నడిపి చూడు. అది వెరిలాగ్‌ని సీ ప్లస్ ప్లస్‌గా మారుస్తుంది, అందుకే ఆ వేగం. కాకపోతే సున్నానో ఒకటో ఇంకా తెలియని విలువలను ఎక్స్‌గా చూపించదు, రీసెట్ (మొదటి విలువ పెట్టడం) మర్చిపోతే నీకు తెలియదు. దానికి ఇకారస్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో కూడా ఒకసారి నడుపు. పైథాన్ వచ్చు కదా, టెస్టులు పైథాన్‌లోనే రాయనిచ్చే కోకోటీబీతో రాసుకో.

ముఖ్యమైనది ఇది. ఎఫ్‌పీజీఏ టూల్ వివాడోలో నువ్వు బటన్లతో చేసే పనులు దాదాపుగా టికిల్ అనే స్క్రిప్టు భాష కమాండ్లుగా జర్నల్ ఫైల్‌లో పడతాయి. ఒకసారి మౌస్‌తో చెయ్యి, ఆ ఫైల్ తెరిచి కావలసిన లైన్లు ఏరి స్క్రిప్ట్ చేసుకో. గిట్‌లో సోర్స్, కన్‌స్ట్రెయింట్లు (పిన్నులు, క్లాక్ వేగం లాంటి షరతులు), ఆ స్క్రిప్ట్, అంతే. టూల్ పుట్టించే ఫోల్డర్లు పెట్టకు.

వార్నింగులు వందల్లో వస్తాయి, అందరూ చదవకుండానే వదిలేస్తారు. నువ్వు మాత్రం "లాచ్" (విలువను పట్టి ఉంచే చిన్న మెమరీ) అన్న మాట వెతుకు. వెరిలాగ్‌లో ఆల్వేస్ అని మొదలయ్యే, క్లాక్ లేని కోడ్ ముక్కలో ఇఫ్ రాసి ఎల్స్ వదిలేస్తే, పాత విలువ గుర్తుంచుకోవాలేమో అని టూల్ తనంతట తనే అక్కడ లాచ్ పెట్టేస్తుంది. సిమ్యులేషన్‌లో చక్కగా నడిచి, బోర్డు మీద పిచ్చివేషాలు వేసేవాటిలో ఇదొకటి.

లోపల ఏం జరుగుతుందో చూడాలని ఉంటే లాటిస్ కంపెనీ ఐస్40 ఎఫ్‌పీజీఏ బోర్డు చిన్నది ఒకటి కొనుక్కో. దాని బిట్‌స్ట్రీమ్ (చిప్‌లోకి ఎక్కించే ఫైల్) గుట్టు 2015లోనే విప్పేశారు, వెరిలాగ్‌ని గేట్లుగా మార్చే యోసిస్‌తో మొదలుపెట్టి అంతా ఓపెన్ టూల్స్‌తోనే నడుస్తుంది. ఆదివారం ఇంటికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తీసుకురా, ఆ జర్నల్ ఫైల్ ఇద్దరం కూర్చుని చూద్దాం.

పెదనాన్న