రష్యన్ పల్లె పొయ్యి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాస్కోలో అచ్చయి మనకు చేరిన తెలుగు పుస్తకాల్లో, రష్యన్ జానపద కథల ముసలివాళ్లు పొయ్యి మీద పడుకుంటారు. ఒళ్లు కాలదా?
– పాఠకురాలు, తెనాలి

జవాబు: కాలదు. అది ఇటుకతోనో మట్టితోనో కట్టిన పెద్ద దిమ్మె. ఇంట్లో దాదాపు నాలుగో వంతు చోటు దానిదే. లోపల కమాను కప్పుతో లోతైన గూడు, ముందువైపు ఒకటే నోరు. గాలి ఆ నోటి అడుగు నుంచి లోపలికి పోతుంది. పొగ కమానును రాసుకుంటూ వెనక్కి మళ్లి, అదే నోటి పైభాగం నుంచి బయటికొచ్చి గొట్టంలోకి ఎక్కుతుంది. కమానుకూ పైనున్న పడకకూ మధ్య ఇసుక, ఇటుక ముక్కలు దట్టించి ఉంటాయి. అంత మందం దాటి వచ్చే వేడి గోరువెచ్చగానే తగులుతుంది. ఆ చోటు ముసలివాళ్లకూ పిల్లలకూ ఇచ్చేవారు.

పొద్దున్నే ఒక్కసారి రాజేస్తారు, చలి మరీ ముదిరితే సాయంత్రం ఇంకోసారి. తెల్లని బెరడుండే బర్చ్ చెట్టు కట్టెలు శ్రేష్ఠం. గంటన్నర, రెండు గంటలు మండాక, నిప్పులు పక్కకు లాగి, గొట్టం మూత వేస్తే వేడి మర్నాటిదాకా నిలుస్తుంది. ప్రాణాపాయం ఆ మూత దగ్గరే ఉంది. నిప్పుల మీద నీలిమంట ఆడుతుండగానే మూసేస్తే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరుగుతుంది. దానికి వాసన ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లు లేవకపోవచ్చు. అలాగని మరీ ఆలస్యం చేస్తే వేడంతా గొట్టంలో పోతుంది. సగం కాలిన కొరకంచు కనిపిస్తే బయటికి తీసేయాల్సిందే. ఈ అదును తెలిసిన ఇల్లాలి చేతిలోనే ఇంటిల్లిపాది క్షేమం ఉండేది.

ప్రశ్న: రై (గోధుమలాంటి చలిదేశపు ధాన్యం) పిండితో రొట్టె చేస్తే లోపల బంకలా ఉంటోంది. ఆ పల్లెల్లో ఎలా కాల్చేవారు?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు ఈస్టు ఒక్కటే వాడుతున్నారేమో. రై పిండిలోని ఎంజైములు కాలేటప్పుడు గంజిని విరగ్గొడతాయి. వాటిని అదుపు చేసేది పులుపే. పల్లెల్లో పిండి కలిపే చెక్కతొట్టిని కడిగేవారు కాదు, గీకేవారంతే. గోడలకు అంటిన పాతపిండే తర్వాతి విడతకు తోడు.

రాత్రి 100 గ్రాముల పులిసిన రై పిండిముద్దలో 300 గ్రాముల రై పిండి, 300 మి.లీ. గోరువెచ్చని నీళ్లు కలపండి. పది గంటలు చాలు. మన ఎండాకాలంలో ఆరేడు గంటలకే పొంగుతుంది. పొద్దున 100 గ్రాములు తోడుకు తీసి దాచి, మిగతాదానిలో 300 గ్రాముల పిండి, 180 మి.లీ. నీళ్లు, 12 గ్రాముల ఉప్పు వేయండి. గోధుమ పిండిలా మర్దించి ప్రయోజనం లేదు, ఇది సాగదు. తడిచేత్తో అచ్చులోకి సర్ది, పైన సన్నని పగుళ్లు వచ్చేదాకా ఉంచండి.

పొయ్యిలో వేడి మొదట ఎక్కువ, పోనుపోను తక్కువ. ఓవెన్‌లోనూ అదే వరస: 230 డిగ్రీల దగ్గర పావుగంట, తర్వాత 190 దగ్గర 50 నిమిషాలు. అడుగున తడితే డొల్ల చప్పుడు రావాలి. వేడిమీద కోస్తే మళ్లీ బంకే, మర్నాడు కోయండి.

థర్మామీటరు లేని చోట పొయ్యి లోపలి అరుగు మీద గుప్పెడు పిండి చల్లేవారు. చల్లీచల్లగానే నల్లబడితే కాసేపు ఆగాలి, మెల్లగా గోధుమరంగుకు తిరిగితే రొట్టె పెట్టొచ్చు. అరుగు మీద క్యాబేజీ ఆకు, ఆకు మీద పిండిముద్ద, పొడుగు కర్ర ఉన్న చెక్కతెడ్డుతో లోపలికి తోయడం. రొట్టెల తర్వాత క్యాబేజీ సూపు, జావ. వేడి ఇంకా దిగాక పాలు. గంటల తరబడి మరిగి ఆ పాలు లేత గోధుమరంగుకు వస్తాయి, ఆ రుచి వేరే ఏ పొయ్యికీ రాదు.

ప్రశ్న: పొయ్యి లోపలే స్నానం చేసేవారని విన్నాను, నిజమేనా?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: నిజమే. స్నానాల గది కట్టుకోని ఊళ్లలో, ముఖ్యంగా ర్యజాన్, వ్లదీమిర్ ప్రాంతాల్లో ఇది ఒకప్పుడు మామూలే. నిప్పులన్నీ తీసి, బూడిద ఊడ్చి, అరుగు మీద గడ్డి పరుస్తారు. వేడినీళ్ల తొట్టి లోపల పెట్టి, పాకుతూ ఎక్కి కూర్చుంటారు. ముసలివాళ్లనూ పిల్లలనూ చెక్కపలక మీద కూర్చోబెట్టి లోపలికి జరిపేవారు. కమాను మీద నీళ్లు చిలకరిస్తే ఆవిరి; బయటివాళ్లు పొయ్యి నోటికి మూత అడ్డం పెడతారు. గోడ తగిలితే కాలుతుంది, మసీ అంటుతుంది. అందుకే కదలకుండా ఒద్దికగా కూర్చోవాలి. చివరగా ఒంటిమీద నీళ్లు పోసుకోవడం మాత్రం బయట వసారాలోనే.