వీధులన్నీ పటంలో ఉన్నాయి కదా, సైకిల్ దారుల కోసం ఇంకా చేయవలసింది ఏముంది?

ఎవరైనా వివరాలు చేర్చగల ఉచిత పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ నగరపు వీధులన్నీ ఉన్నా, అది చూపే సైకిల్ దారులు ఎందుకు నమ్మదగినవిగా లేవని అడిగారు. కొన్నేళ్లుగా స్వచ్ఛందంగా ఆ పటానికి వివరాలు చేరుస్తున్నాను. నేను గమనించినంతలో, లోపం సాధారణంగా గీతల్లో కాక వాటికి తగిలించవలసిన ట్యాగుల్లో, అంటే ఆ వీధి లక్షణాలను చెప్పే చిన్న గుర్తుల్లో ఉంటుంది.

బీరౌటర్, గ్రాఫ్‌హాపర్ వంటి దారి వెతికే సాఫ్ట్‌వేర్లకు వీధి కనిపించదు, ట్యాగులే కనిపిస్తాయి. నేల తారుదా మట్టిదా, వాహనాల వేగ పరిమితి ఎంత, రాత్రి దీపాలు వెలుగుతాయా అన్నవి నమోదు కాకపోతే గుంతల బాట, నున్నటి సందు వాటి లెక్కలో ఒకటే అవుతాయి. ఒకవైపు రాకపోకలే ఉన్న వీధిలో సైకిళ్లకు ఎదురు దిశలో అనుమతి ఉన్నా, 'వన్‌వే:బైసికిల్=నో' అన్న ట్యాగు లేకపోతే మనల్ని చుట్టూ తిప్పుతాయి.

కూడళ్లను మరింత శ్రద్ధగా చూడండి. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటినట్టు తెరపై కనిపించినా, వాటికి ఉమ్మడి బిందువు లేకపోతే ఒక దారి నుంచి మరో దారిలోకి మళ్లడం కుదరదని సాఫ్ట్‌వేర్ భావిస్తుంది. వంతెనకూ దాని కింది రోడ్డుకూ పొరపాటున ఉమ్మడి బిందువు పెడితే, లేని మలుపును ఉన్నట్టు చూపిస్తుంది. ఇలాంటి ఒక్క బిందువును సరిచేయడం పది కొత్త గీతలకన్నా మేలని నా నమ్మకం.

'ఈ దారి సురక్షితం' అన్న అభిప్రాయాన్ని ట్యాగుగా రాయవద్దు. వేగ పరిమితి, రోడ్డుపై వాహనాల వరుసల సంఖ్య, సైకిల్ పట్టీ వెడల్పు వంటి, మరొకరు వెళ్లి సరిచూడగల వాటినే రాయండి. అవి ఉంటే 2012లో మెకూరియా, ఫర్త్, నిక్సన్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన, వాహనాల వల్ల సైకిల్ తొక్కేవారికి కలిగే ఒత్తిడిని చెప్పే నాలుగు స్థాయుల కొలమానాన్ని వాటి ఆధారంగా తరువాత ఎవరైనా లెక్కగట్టవచ్చు.

ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ జాడ పక్కకు జరుగుతుంది కనుక, ఒక్క ప్రయాణపు జాడను చూసి ఉన్న గీతను కదపకండి. వాణిజ్య పటాల నుంచి నకలు చేయడానికి లైసెన్సు ఒప్పుకోదు. ఏ దారుల్లో ఎక్కువమంది తొక్కుతున్నారో చూపే ఫిట్‌నెస్ యాప్‌ల రద్దీ చిత్రాల్లో ఆ యాప్ వాడేవారే కనిపిస్తారు. రోజూ పనికి సైకిల్‌పై వెళ్లే ఎందరో వాటిలో ఉండరు, వారి దారులను వారినే అడిగి తెలుసుకోవాలి.

మొదట ఒక పేటను ఎంచుకుని, పటంలో లేని వివరాల గురించి స్ట్రీట్‌కంప్లీట్ యాప్ అడిగే ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబులిస్తూ తిరగండి. ఆ పేటలో సాఫ్ట్‌వేర్ చూపిన దారిని రోజూ తొక్కేవారు ఒప్పుకున్నాకే పక్క పేటకు వెళ్లండి.