బైపాస్ తర్వాత చవక మాత్రలు

ప్రశ్న: ఆరు నెలల క్రితం గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి కడుపుకు చేసే ఆపరేషన్) అయింది. వయసు 34. రాసిచ్చిన మల్టీవిటమిన్ నెలనెలా కొనలేకపోతున్నాను. మామూలు బీ-కాంప్లెక్స్ వేసుకుంటే చాలదా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: చాలదమ్మా. అందులో సాధారణంగా ఐరన్, రాగి ఉండవు. బైపాస్‌లో తిండి చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించుకుపోతుంది. ఐరన్ ఎక్కువగా ఒంటబట్టేది అక్కడే. కంపెనీ పేరు కాదు, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చూడండి. నెలసరి వచ్చేవారికి రోజు మొత్తంలో ఐరన్ 45–60 మి.గ్రా., రాగి 2 మి.గ్రా., థయామిన్ (విటమిన్ బి1) కనీసం 12 మి.గ్రా., బి12 350–1000 మైక్రోగ్రాములు అందాలి. ఒక్క మాత్రలో ఇవన్నీ దొరకడం కష్టం. ఈ లెక్క మీ సర్జన్‌కు చూపించి, జనరిక్ మందులు విడివిడిగా రాయించుకోండి. జన ఔషధి కేంద్రంలో ముందు అడగండి.

మోసపోయేది కాల్షియం దగ్గరే. కార్బొనేట్ చవకే గానీ అది అరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, మీకిప్పుడు అదే తక్కువ. సిట్రేట్ కొనండి. ‘కాల్షియం సిట్రేట్ 1000 మి.గ్రా.’ అని ఉంటే అసలు కాల్షియం 210 మి.గ్రా. మాత్రమే. రోజుకు కావలసింది అసలు కాల్షియం 1200–1500 మి.గ్రా. విడతకు 600 దాటొద్దు. ఐరన్‌కూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. టీతో ఐరన్ అసలే వద్దు. గమ్మీల (జెల్లీ మిఠాయిలా నమిలే విటమిన్ల) జోలికీ పోకండి, చాలావాటిలో ఐరనే ఉండదు.

వాంతులు ఆగకపోతే మాత్రలతో సరిపెట్టక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. థయామిన్ పడిపోతే నరాలు దెబ్బతింటాయి.