ర్యామ్ మీరే వేశారు సరే, మదర్‌బోర్డు ఎందుకు పోయిందో ఎవరు చెప్పాలి?

ప్రశ్న: మాది వరంగల్. మా అమ్మాయి బీటెక్ చదువు కోసం 2023 ఆగస్టు 21న హైదరాబాద్‌లో రూ. 58,000 పెట్టి ల్యాప్‌టాప్ కొన్నాను. వారంటీ ఏడాది. కలిసొస్తుందని బిల్లు మా బావమరిది షాపు జీఎస్టీ నంబరు మీద తీసుకున్నాం. 8 జీబీ ర్యామ్ చాలట్లేదని డిసెంబరులో ఆన్‌లైన్‌లో ఇంకో 8 జీబీ తెప్పించి, యూట్యూబ్‌లో వీడియో చూసి ఖాళీ స్లాట్‌లో నేనే వేశాను. ఆరు నెలలు బాగా పనిచేసింది. 2024 జూన్ చివర్లో ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. సర్వీస్ సెంటర్‌వాళ్లు వెనక మూత తీసి, వేరే కంపెనీ ర్యామ్ కనిపించగానే వారంటీ పోయిందన్నారు. మదర్‌బోర్డు మార్చాలి, రూ. 27,500 అవుతుందని జులై 2న కాగితం ఇచ్చారు. అప్పటి నుంచి కంపెనీకి మెయిల్స్ పెడుతూనే ఉన్నాను. అమ్మాయి ప్రాజెక్టు ఆగిపోయింది, ఇంట్లో అందరూ నన్నే అంటున్నారు. కేసు వేస్తే పది లక్షలు వస్తాయా? ర్యామ్ తీసేసి, స్క్రూ మీద కొత్త స్టిక్కర్ అంటించి, అసలు విప్పలేదని చెప్పమని తెలిసినవాళ్లు అంటున్నారు. చెప్పొచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అమ్మాయి ప్రాజెక్టు గురించి, ఇంట్లో మాటల గురించి వివరంగా రాశారు. వారంటీ పత్రంలో ఏం రాసి ఉందో మాత్రం ఒక్క వాక్యమైనా రాయలేదు. మీ కేసు నిలిచేదీ పడేదీ ఆ వాక్యం మీదే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

మీరు మూత విప్పారా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. విప్పారు, మీరే ఒప్పుకుంటున్నారు. మీరు విప్పడం వల్లే ఛార్జింగ్ పోయిందా అన్నదే ప్రశ్న. వారంటీ షరతులు సాధారణంగా రెండు రకాలుగా రాస్తారు. ‘అనధికార మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు’ అనేది ఒకటి. ‘అధీకృత సిబ్బంది కాకుండా ఎవరు విప్పినా వారంటీ మొత్తం రద్దు’ అనేది రెండోది. మీ పత్రంలో మొదటిది ఉంటే, మీ ర్యామ్ వల్లే బోర్డు పాడైందని కంపెనీ చూపించి తీరాలి. రెండోది ఉంటే దారి ఇరుకే గానీ మూసుకుపోలేదు.

దానికంటే ముందు మీ మోడల్ యూజర్ మాన్యువల్ తీయండి. ర్యామ్ ఎలా మార్చుకోవాలో బొమ్మలతో సహా మాన్యువల్లో చూపించే కంపెనీలు చాలా ఉన్నాయి. మార్చుకోవచ్చని కంపెనీయే దారి చూపించి, మార్చుకున్నాక వారంటీ పోయిందంటే ఆ మాట ఏ వినియోగదారుల కమిషన్ ముందూ తేలిగ్గా నిలవదు. మీ మాన్యువల్‌లో అలాంటి పేజీ ఉంటే ఈరోజే ప్రింట్ తీసి పెట్టుకోండి. కంపెనీ వెబ్‌సైట్‌లో అది రేపు కూడా ఉంటుందన్న హామీ లేదు.

ఇప్పుడు జులై 2 నాటి కాగితం. మీరు పంపిన ఫొటోలో ‘వేరే కంపెనీ ర్యామ్ ఉంది, కస్టమర్ విప్పారు, వారంటీ లేదు, మదర్‌బోర్డు మార్చాలి’ అని ఉంది. బోర్డు ఎందుకు పోయిందో మాత్రం లేదు. షార్ట్ అయిందనో, స్లాట్ కాలిందనో, కాలిన గుర్తులు ఉన్నాయనో ఒక్క ముక్క లేదు. ఛార్జింగ్ సర్క్యూట్‌కీ ర్యామ్ స్లాట్‌కీ సంబంధమేమిటో చెప్పలేదు. కారణం రాయకుండా వదిలేసిన ఆ ఖాళీయే మీకు పెద్ద బలం. లోపం వారంటీ గడువులోనే వచ్చిందని అదే కాగితం రుజువు చేస్తోంది. ఆపైన, మినహాయింపు వర్తిస్తుందని చెప్పేవాళ్లే దాన్ని చూపాలి. బీమా కేసుల్లో సుప్రీంకోర్టు పదే పదే చెప్పిన సూత్రం ఇదే, ఇక్కడా అదే వాదన వినిపించండి.

ఇంకో ఆధారం ఉంది. 2014 ఆగస్టులో కార్ల విడిభాగాల కేసులో మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు జరిమానా వేసింది. బయటి మెకానిక్ దగ్గర చేయించుకుంటే వారంటీ మొత్తం రద్దు అనే గంపగుత్త షరతు పెట్టకూడదని, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే వారంటీ నిరాకరించాలని ఆ ఉత్తర్వులో చెప్పింది. అది ఆ కార్ల కంపెనీలకు ఇచ్చిన ఆదేశం, దానిపై అప్పీళ్లూ నడిచాయి. కాబట్టి మీ కేసు మొత్తాన్ని దాని మీద పెట్టకండి. తర్కం మాత్రం మీకు పనికొస్తుంది.

వారంటీ స్టిక్కర్లే చట్టవిరుద్ధమని వీడియోలో విన్నానని రాశారు. అది అమెరికా మాట. అక్కడ 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. దాని ఆధారంగా 2018లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. రిపేరు హక్కు మీద కేంద్ర ప్రభుత్వం 2022లో ఒక కమిటీ వేసింది, అదే ఏడాది చివర పోర్టల్ తెరిచింది. పోర్టల్ సమాచారం ఇస్తుంది, హక్కు ఇవ్వదు. మీరు నిలబడాల్సింది వినియోగదారుల రక్షణ చట్టం 2019 మీద.

ఇక ర్యామ్ తీసేసి, విప్పలేదని చెప్పమన్న మీ తెలిసినవాళ్ల సలహా. చేయొద్దు. ఫిర్యాదుతో పాటు మీరు అఫిడవిట్ వేయాలి. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది చట్టం దృష్టిలో న్యాయ విచారణే. అక్కడ ‘నేను విప్పలేదు’ అని ప్రమాణం చేస్తే అది తప్పుడు సాక్ష్యం. భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడొచ్చు. పైగా మీరు ర్యామ్ కొన్నట్టు ఆర్డర్ మెయిల్ ఉంది. వేరే కంపెనీ ర్యామ్ ఉందని సర్వీస్ సెంటర్ కాగితంలో రాసి ఉంది. కంపెనీకి మీరే పెట్టిన మెయిల్‌లో ‘నేనే వేశాను’ అని ఉంది. అబద్ధం మొదటి వాయిదాలోనే బయటపడుతుంది. అది బయటపడ్డాక మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. నిజం చెబితే గెలిచే అవకాశం ఉన్న కేసును అబద్ధంతో చేజేతులా చంపుకుంటారా? ఫిర్యాదు రెండో పేరాలోనే ‘ర్యామ్ నేనే వేశాను, ఫలానా తేదీన, ఖాళీ స్లాట్‌లో, ఉన్న ర్యామ్‌ను ముట్టుకోకుండా’ అని రాయండి. విప్పినప్పుడు బ్యాటరీ కనెక్టర్ తీశారా లేదా అన్నది కూడా దాచకండి. కంపెనీ లాయరు అడిగే మొదటి ప్రశ్న అదే.

అలాగే, ఆరేడు వేలకు చిప్ మార్చి ఇస్తానన్న మీ వీధి మెకానిక్‌కి ఆ ల్యాప్‌టాప్ ఇవ్వకండి. మీరు కూడా మళ్లీ విప్పకండి. లోపం పరీక్షతో తప్ప తేలదనుకుంటే వస్తువును సీల్ చేయించి ల్యాబొరేటరీకి పంపే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌కు ఉంది. ఫిర్యాదుతో పాటే దానికి విడిగా దరఖాస్తు పెట్టండి. బోర్డు మీద కొత్త టంకం పడ్డాక ఏ ల్యాబ్ కూడా పాత కారణం చెప్పలేదు. అమ్మాయికి పని ఆగితే వేరే ల్యాప్‌టాప్ అద్దెకు తీసుకోండి, ఆ బిల్లులు జాగ్రత్త చేయండి. అవి నష్టం కింద అడగొచ్చు.

ర్యామ్ వేశాక ఆరు నెలలు మెషీన్ నడిచిందని కూడా చూపించాలి. ర్యామ్ డెలివరీ తేదీ ఉన్న ఇన్‌వాయిస్, ఆ నెలల్లో అమ్మాయి ఆ ల్యాప్‌టాప్ నుంచి కాలేజీకి పంపిన అసైన్‌మెంట్ మెయిల్స్, ఆన్‌లైన్ పరీక్షల రికార్డు తీయండి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరమక్షరం పాటించాల్సిన అవసరం లేదు. అయినా ఎలక్ట్రానిక్ కాగితాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఆ రికార్డు అసలుదేనని ధ్రువీకరించే పత్రం) జత చేస్తే ఎదుటివాళ్లకు ఒక అభ్యంతరం తగ్గుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బిల్లు. కొన్ని వేల పన్ను కోసం బావమరిది షాపు పేరు మీద తీసుకున్నారు. వ్యాపారం కోసం కొన్న వస్తువు కాబట్టి మీరు వినియోగదారులే కాదని కంపెనీ మొదటి అభ్యంతరం లేవదీస్తుంది. ఆ షాపు ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలులో కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) కూడా తీసుకుని ఉంటే అభ్యంతరానికి బలం వస్తుంది. ఇంటి వస్తువు ఇంటి పేరు మీదే కొనాలి, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఇప్పుడున్న దారి: డబ్బు మీ ఖాతా నుంచి వెళ్లిందని బ్యాంకు స్టేట్‌మెంట్ చూపండి. ల్యాప్‌టాప్ అమ్మాయి చదువుకే వాడిందని, షాపులో వాడలేదని బావమరిది చేత అఫిడవిట్ ఇప్పించండి. కొన్నవారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారుల రక్షణ చట్టం 2(7) సెక్షన్ ప్రకారం వినియోగదారులే కాబట్టి అమ్మాయిని కూడా ఫిర్యాదుదారుగా చేర్చండి. పాత తేదీతో కొత్త బిల్లు రాయించుకునే ఆలోచన దగ్గరికి రానీయకండి.

అన్నిటికంటే తొందరపెట్టేది గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. మీకది 2024 జులై 2, వారంటీ లేదని రాసిచ్చిన రోజు. మెయిల్స్ పెడుతూ ఉంటే గడువు పెరుగుతుందని మీరు అనుకున్నట్టున్నారు. పెరగదు. లీగల్ నోటీసు పంపినా, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసినా పెరగదు. ఆలస్యాన్ని క్షమించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ తగిన కారణం చూపాలి. కంపెనీ జవాబు కోసం ఎదురుచూశానన్నది మామూలుగా తగిన కారణం కాదు. 2026 జులై మొదటి తేదీని చివరి రోజుగా పెట్టుకోండి. మీ ఉత్తరం నాకు అందేసరికి రెండు నెలలు కూడా మిగల్లేదు. ఇన్నాళ్లు ఊరుకోవడం పెద్ద నిర్లక్ష్యం.

హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేయొచ్చు కాబట్టి వరంగల్ జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ధర 5 లక్షలలోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. తయారీ కంపెనీని, సర్వీస్ సెంటర్‌ను, అమ్మిన షాపును ముగ్గురినీ ఎదుటి పక్షాలుగా పెట్టండి. వస్తువులో లోపం, సేవాలోపం అని మాత్రమే రాయండి. వారంటీ షరతు అన్యాయమైన ఒప్పందమని రద్దు చేయమంటే అది రాష్ట్ర కమిషన్ పరిధిలోకి వెళ్తుంది, మీకు అంత సమయం లేదు. ఆ పది లక్షల మాట వదిలేయండి. బోర్డు ఉచితంగా మార్చాలి, లేదా ధర వాపసు ఇవ్వాలి, అద్దె ఖర్చు, మితమైన పరిహారం, కేసు ఖర్చులు అని అడగండి. ఆధారం లేని పెద్ద అంకె వేస్తే న్యాయమైన కోరిక మీద కూడా అనుమానం వస్తుంది.

నోటీసు చట్టప్రకారం తప్పనిసరి కాదు. అయినా ఈ వారమే 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్ట్‌లో ఒకటి పంపండి. బోర్డు ఏ కారణంతో చెడిపోయిందో రాతపూర్వకంగా చెప్పమని, మూత తీసినప్పుడు తీసిన ఫొటోలు ఇవ్వమని అందులో అడగండి. జవాబు ఇవ్వకపోతే ఆ మౌనం మీకు పనికొస్తుంది. జవాబు కోసం ఆగకుండా ఫిర్యాదు సిద్ధం చేసుకోండి. మధ్యలో కంపెనీ ఫోన్ చేసి సగం ధరకు బోర్డు మారుస్తామంటే ఫోన్‌లో ఒప్పుకోకండి. మెయిల్‌లో పంపమనండి. పాత బోర్డు మీకే తిరిగి ఇస్తారా, కొత్త బోర్డుకు వారంటీ ఎన్నాళ్లు అన్న రెండూ రాతలో వచ్చాకే, సంతకం పెట్టాలా వద్దా అన్నది ఆలోచించండి.