పార్కులో పాత ఇల్లు కొని వాయిదాల మీద అమ్మితే?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు 38 ఏళ్లు, హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అయిపోయింది. నా భార్యకు హెచ్-4 ఈఏడీ (ఉద్యోగం చేసుకునే అనుమతి) ఉంది, ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. చేతిలో ఉన్నదంతా కలిపి 45,000 డాలర్లు. నెల ఖర్చు 4,500 దాకా అవుతుంది. మా ఆఫీసులో ఒకాయన మొబైల్ హోమ్ పార్కుల్లో (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చిన ఇళ్లను అద్దె నేల మీద నిలిపే చోట్లు) పాత ఇళ్లు 12, 15 వేలకు కొంటాడు. కాస్త బాగుచేయించి, బ్యాంకు లోను దొరకనివాళ్లకు తనే వాయిదాల మీద అమ్ముతాడు. మేమూ రెండు మూడు ఇళ్లతో మొదలుపెడదామనుకుంటున్నాం. మీరేమంటారు?

జవాబు: మీ ఆఫీసాయన చేస్తున్న పనికి మన ఊళ్లలో ఒక పేరుంది: ఫైనాన్స్. సెకండ్‌హ్యాండ్ ఆటో కొని, రంగు వేయించి, కొంత డౌన్ పేమెంట్ తీసుకుని మిగతాది నెలనెలా వసూలు చేసేవాళ్లను మీరు చూసే ఉంటారు. ఇక్కడ ఆటో బదులు ఇల్లు. ఆ ఇంటి కింద నేల పార్కు వాళ్లది, దానికి నెలనెలా లాట్ రెంట్, అంటే నేల అద్దె, కట్టాలి. ధర పెరగాలంటే నేల ఉండాలి. ఇలాంటి ఇంటి ధర మాత్రం సాధారణంగా ఆటో లాగే కరుగుతుంది. కాబట్టి దీన్ని వడ్డీ వ్యాపారంగానే చూసి లెక్క వేద్దాం.

14,000కు ఇల్లు కొన్నారు. రిపేర్లు, పాత పన్ను బకాయి, పేరు మార్పిడి కలిపి ఇంకో 4,000. మొత్తం 18,000. దాన్ని 26,000కు అమ్మి 2,000 డౌన్ తీసుకున్నారు. మిగిలిన 24,000కు 9 శాతం వడ్డీతో ఏడేళ్ల ప్రోనోటు రాయించుకుంటే నెలకు 386 డాలర్లు వస్తాయి. కాగితం మీద చూస్తే చాలా బాగుంది. కానీ మీరు పెట్టిన డబ్బు వెనక్కి రావడానికే 42 నెలలు పడుతుంది. లాభం మొదలయ్యేది ఆ తర్వాతే.

ఇప్పుడు కొన్నవాడు 14 నెలలు కట్టి మానేశాడనుకోండి. బ్యాంకు లోను దొరకనివాళ్లకు అమ్ముతున్నప్పుడు ఇది అరుదుగా జరిగే సంగతేం కాదు. అప్పటికి మీకు వచ్చింది 7,404. వాయిదా ఆపినవాడు లాట్ రెంట్ కూడా ఆపుతాడు. ఇల్లు ఆ పార్కులోనే ఉండాలంటే దాన్ని మీరు కట్టుకోవాలి. అతన్ని ఖాళీ చేయించడానికి నాలుగు నెలలు పట్టిందంటే, నెలకు 650 చొప్పున 2,600. ఖాళీ చేసి వెళ్లాక రిపేర్లకు ఇంకో 3,500 వేసుకోండి. మళ్లీ 16,696 డాలర్లు ఆ ఇంట్లోనే ఇరుక్కున్నాయి, ఇల్లేమో ఏడాది పాతబడింది. ఇలాంటి దెబ్బ ఒకటి తట్టుకోగలిగితేనే ఇందులోకి దిగాలి.

దీనికన్నా ముందు మీ వీసా సంగతి. హెచ్-1బి మీద మీరు మీ కంపెనీకి తప్ప వేరే పని చేయకూడదు. డబ్బు పెట్టుబడి పెట్టడం వేరు, శనివారం పార్కుకు వెళ్లి ఫ్లోరింగ్ వేయడం, కొనేవాళ్లను వెతకడం, వాయిదాలు వసూలు చేయడం వేరు. రెండోది అనుమతి లేని పని కిందికి రావచ్చు. గ్రీన్ కార్డు క్యూలో ఉండి 386 డాలర్ల కోసం ఆ రిస్క్ తీసుకోవద్దు. ఈఏడీ ఉంది కాబట్టి మీ భార్య చేయొచ్చు. అయితే పేరుకు ఆవిడ, పనికి మీరు అన్నట్టు ఉండకూడదు. ఆవిడకు నిజంగా ఆసక్తి ఉందా? మీ ప్రశ్నలో ఆ మాట ఎక్కడా లేదు. పైగా ఆవిడ ఈఏడీ మీ హోదా మీదే ఆధారపడింది. ఒక ఇమిగ్రేషన్ లాయరుకు గంట ఫీజు కట్టి ఇది తేల్చుకున్నాకే మిగతావి.

రెండు మూడు ఇళ్లతో మొదలు అన్నారు. టెక్సస్‌లో 12 నెలల్లో ఒకటికి మించి మొబైల్ హోమ్‌లు అమ్మితే రీటైలర్ లైసెన్స్ తీసుకోవాలి. అది కాక 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం కింద 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న రూల్స్ కొన్ని ఉన్నాయి. ఇల్లు అమ్మేవాడే అప్పు ఇస్తే అతన్నీ లోన్ ఇచ్చేవాడిగానే చూస్తారు. ఒక వ్యక్తి 12 నెలల్లో ఒక్క ఇంటికి ఇలా అప్పిస్తే మినహాయింపు ఉంది, దానికీ షరతులున్నాయి: వాయిదా కడుతున్నా అసలు పెరిగిపోయేలా రాయకూడదు, వడ్డీ స్థిరంగా ఉండాలి లేదా మొదటి అయిదేళ్లు మారకూడదు. మూడు ఇళ్ల వరకు ఇంకో మినహాయింపు ఉంది కానీ, అందులో కొనేవాడి ఆదాయం చూసి కట్టగలడని తేల్చుకోవాలి, చివర్లో ఒకేసారి పెద్ద మొత్తం కట్టించుకునే ఏర్పాటు ఉండకూడదు. మీ ఆఫీసాయన ఇవన్నీ పాటిస్తున్నాడేమో అడిగి చూడండి. నవ్వేస్తే మీకు జవాబు దొరికినట్టే.

పన్నులో ఒక చిక్కుంది, ఇది చాలామంది రిటర్న్ వేసేటప్పుడు గానీ తెలుసుకోరు. మామూలుగా వాయిదాల మీద ఆస్తి అమ్మితే డబ్బు చేతికొచ్చిన కొద్దీ లాభం మీద పన్ను కట్టొచ్చు. అమ్మకమే వ్యాపారంగా చేసేవాళ్లను ఐఆర్ఎస్ (ఇక్కడి పన్నుల శాఖ) డీలర్లు అంటుంది, వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. పై లెక్కలో 8,000 లాభం మొత్తానికీ మొదటి ఏడాదే పన్ను పడుతుంది. 24 శాతం శ్లాబులో ఉంటే, 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా కలిపి, 3,000కు కాస్త అటూఇటూ. చేతికొచ్చిన డౌనేమో 2,000. నోటు మీద వచ్చే వడ్డీకి పన్ను ఎలాగూ ఉంది.

ఇంత చెప్పాక వద్దంటానని అనుకుంటున్నారేమో. అనను. ఒక్క ఇంటితో అయితే సరే. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు దొరికే గడువు గట్టిగా 60 రోజులు. అందుకని ఆరు నెలల ఖర్చు, అంటే 27,000, ముట్టుకోకుండా పక్కన పెట్టండి. మిగిలేది 18,000. పై లెక్కలో ఒక ఇంటికి 18,000 అని ఊరికే వేయలేదు.

ఇల్లు చూడకముందే మీ భార్యను పార్కు ఆఫీసుకు వెళ్లమనండి. ఇల్లు చేతులు మారితే అక్కడే ఉండనిస్తారా, కొనేవాళ్లను వాళ్లు ఎలా ఆమోదిస్తారు, లాట్ రెంట్ ఎంత, కొన్నేళ్లుగా ఎంతెంత పెంచారు, కొన్నవాడి లాట్ రెంట్ ఆగినప్పుడు మీకు కబురు చేస్తారా. ఇవి రాతపూర్వకంగా కావాలి. పార్కు వద్దంటే ఇల్లు కదిలించాల్సిందే. పేరుకే మొబైల్, ఒక్కసారి కదిలించడానికే వేల డాలర్లవుతుంది.

ఇంటికి బయట వెనకవైపు ఎర్రటి చిన్న లోహపు బిళ్ల ఉండాలి, అది హడ్ (కేంద్ర గృహనిర్మాణ శాఖ) లేబుల్. 1976 జూన్ 15 నుంచి కట్టిన ఇళ్లకే ఉంటుంది. అంతకన్నా పాతవాటి జోలికి వెళ్లొద్దు, చాలా పార్కులు రానివ్వవు, ఇన్సూరెన్స్ దొరకడం కష్టం. సింకు కింద బూడిద రంగు ప్లాస్టిక్ పైపులు కనబడితే బేరం తగ్గించండి. 1995 వరకు వాడిన ఆ పాలిబ్యుటిలీన్ పైపులు ఎప్పుడు పగులుతాయో తెలియదు. బాత్రూమ్‌లో టాయిలెట్ పక్కన కాలితో గట్టిగా నొక్కి చూడండి, అక్కడ మెత్తగా ఉందంటే నేల కింద చెక్క నీటికి ఉబ్బిపోయింది.

కాగితాల విషయానికొస్తే, టెక్సస్‌లో ఈ ఇళ్లకు స్టేట్‌మెంట్ ఆఫ్ ఓనర్‌షిప్ అని ఉంటుంది. మన బండి ఆర్‌సీ అనుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఎక్కినట్టే, అమ్మాక మీ భార్య పేరు అందులో లీన్‌హోల్డర్‌గా ఎక్కాలి. ఎక్కకపోతే మీ ప్రోనోటుకు ఇంటితో సంబంధం తెగినట్టే. కొనే ముందు రాష్ట్ర హౌసింగ్ శాఖ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి, పాత అప్పులు, పన్ను బకాయిలు ఉన్నాయేమో చూడొచ్చు. నోటు మాత్రం లాయరు చేతే రాయించండి. నెట్‌లో దొరికిన నమూనా వాడి మిగుల్చుకునే నాలుగైదు వందల కోసం చూసుకోవద్దు.

అమ్మేటప్పుడు డౌన్ పేమెంట్ ఎంత ఎక్కువ తీసుకోగలిగితే అంత మంచిది. నేనైతే 26,000 బదులు 23,000కే ఇచ్చి 5,000 డౌన్ అడుగుతాను. సొంత డబ్బు పెట్టినవాడు ఇల్లు అంత తేలిగ్గా వదిలిపెట్టి పోడు. మొదటి ఏడాది పన్నూ తగ్గుతుంది. ఆ నోటు మీద 12 వాయిదాలు సరిగ్గా వచ్చాక, లైసెన్స్ ఖర్చుతో సహా లెక్క వేసుకుని, రెండో ఇంటి గురించి మళ్లీ రాయండి.